నువ్వు రాసిన గ్రహాన్ని ఎవరూ చూడలేదు

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. పెన్సిల్ మొదటి పేరాలోనే ఆగిపోయింది. "అమతేరు నేల మీద నిలబడి ఆకాశం వైపు చూస్తున్నట్టు ఊహించుకోండి" అన్నావు కదా, అక్కడ. నిలబడటానికి నేలేదమ్మా? మన సూర్యుడి చుట్టూ కాకుండా వేరే నక్షత్రం చుట్టూ తిరిగే ఆ గ్రహం గురుగ్రహానికి ఏడున్నర రెట్లకు పైగా బరువున్నది, గురుగ్రహం లాంటి వాయుగోళమే అయ్యుండాలి. పాఠకుణ్ణి తీసుకెళ్ళి ఎక్కడ నిలబెట్టావో నీకే తెలియకపోతే రెండో పేరాకి అతను నీతో రాడు.

ఇలాంటి ఎత్తుగడ నేనూ వాడాను, ఒకసారి కాదు చాలాసార్లు, పైగా అప్పట్లో మెచ్చుకున్నారు కూడా. ఇప్పుడు చూస్తే సిగ్గేస్తుంది. ఎందుకంటే ఆ గ్రహాన్ని ఎవరూ చూడలేదు. ఫొటో లేదు, చిన్న చుక్క కూడా లేదు. ఉన్నదల్లా, చుట్టూ తిరిగే గ్రహం లాగుతుంటే అయిన్ అనే నక్షత్రం కొంచెం ఊగుతోందన్న లెక్క. నీ వ్యాసంలో ఉండాల్సిన అసలు కథ ఆ ఊగడమే, దాన్ని నువ్వు "2007లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఎలా కనుగొన్నారు? చదివేవాడికి వచ్చే మొదటి ప్రశ్న అదే, నువ్వు సమాధానం చెప్పకుండా గ్రహం మీద మబ్బుల రంగులు వర్ణించుకుంటూ పోయావు. ఆ రంగులు నీకెవరు చెప్పారు?

జరిగింది చూడు. బున్‌ఎయ్ సతో, ఆయన బృందం జపాన్‌లోని ఒకయామాలో 188 సెంటీమీటర్ల టెలిస్కోపుతో అయిన్ వెలుగుని పట్టి, దాన్ని అయోడిన్ ఆవిరి నింపిన గాజు గొట్టం గుండా పంపి, వర్ణపటంగా విడదీశారు. అయోడిన్ ఎందుకంటే, దాని సన్నటి నల్లగీతలు ఎక్కడెక్కడ పడతాయో ముందే కచ్చితంగా తెలుసు కాబట్టి నక్షత్రం గీతల పక్కన స్కేలు పెట్టినట్టు ఉంటుంది. ఆ స్కేలుతో కొలిస్తే నక్షత్రం గీతలు కొన్నాళ్ళు నీలం వైపు, కొన్నాళ్ళు ఎరుపు వైపు జరుగుతున్నాయి, అంటే అది మన వైపు వస్తోంది, మళ్ళీ వెనక్కి పోతోంది. ఎంత వేగంతో? సెకనుకు సుమారు 96 మీటర్లు, గంటకు 345 కిలోమీటర్లు. బుల్లెట్ రైలు కంటే కొంచెం ఎక్కువ. ఈ వేగానికి గీత జరిగేది 30 లక్షల్లో ఒక వంతు. ఒక చుట్టుకి 595 రోజులు పడుతుంది కనుక ఇది ఒక్క రాత్రి తేలే పని కాదు, ఏళ్ళ తరబడి కొలవాలి. ఆ మొత్తం చుట్టులో నక్షత్రం గీసే వలయం వ్యాసార్థం 8 లక్షల కిలోమీటర్లు కూడా ఉండదు, దాని సొంత వ్యాసార్థంలో అది పదో వంతుకి తక్కువే! కూర్చున్న చోటే కాస్త అటూ ఇటూ కదిలినట్టన్నమాట. దాన్ని దాదాపు 150 కాంతి సంవత్సరాల దూరం నుంచి పట్టారు. ఇది చెప్పగలిగాక నీకు మబ్బుల రంగులతో పనేముంది?

ఇక "ప్రాచీన నక్షత్రం" అన్న మాట. అక్కడ గట్టిగానే గీత గీశాను, ఏమనుకోకు. జెయింట్, అంటే ఇంధనం తరిగి ఉబ్బిపోయిన నక్షత్రం, అనగానే బాగా పాతదనుకుంటాం, అందరం అలాగే పడతాం. కానీ అయిన్ వయసు 62 కోట్ల ఏళ్ళ చిల్లర మాత్రమే. అది పుట్టేసరికి మన భూమికి 390 కోట్ల ఏళ్ళు నిండిపోయాయి. సముద్రంలో చేపలు ఇంకా రాలేదు, అది వేరే సంగతి, కానీ సూర్యుడి పక్కన పెడితే అయిన్ చంటిపిల్లే. మరి అప్పుడే ముసలితనం ఎందుకొచ్చింది? బరువు వల్ల. సూర్యుడికి సుమారు రెండున్నర రెట్లు బరువున్న నక్షత్రం తన ఇంధనాన్ని ఎన్నో రెట్లు వేగంగా తగలేసుకుంటుంది. సూర్యుడు వెయ్యి కోట్ల ఏళ్ళు నెమ్మదిగా కాల్చుకునేదాన్ని ఇది అరవై కోట్ల ఏళ్ళలో ఊదేసి, నడిమధ్య హైడ్రోజన్ అయిపోయి, సూర్యుడికి పన్నెండు పదమూడు రెట్లు ఉబ్బి కూర్చుంది. వయసులో చిన్న, బతుకులో పెద్ద. ఇంత మంచి విషయం చేతిలో ఉండగా "ప్రాచీన" అనే అరిగిపోయిన మాట వెతుక్కున్నావు చూడు, నాకు అక్కడ బాధేసింది.

ఈ ముసలితనమే గ్రహాన్ని బయటపెట్టింది, ఆ సంగతి నీ వ్యాసంలో అసలు లేదు. వయసులో ఉన్నప్పుడు అయిన్ తెల్లగా, విపరీతమైన వేడితో, గిర్రున తిరిగే నక్షత్రం. అంత వేడిలో వర్ణపటంలో గీతలే తక్కువ, ఉన్న కాసినీ ఆ తిరుగుడుకి అలుక్కుపోతాయి. ఫ్యాను రెక్కల మీద అక్షరాలు రాసి ఫ్యాను వేస్తే చదవగలమా? అలాంటి నక్షత్రం ఊగుతోందో లేదో చెప్పడం చాలా కష్టం. ఉబ్బాక ఒళ్ళు చల్లబడి 4,900 కెల్విన్ల దగ్గరికి దిగింది, తిరుగుడు మందగించింది, గీతలు బోలెడన్ని వచ్చాయి, అవీ సన్నగా, స్పష్టంగా. అందుకే బరువైన నక్షత్రాల చుట్టూ గ్రహాలు వెతికేవాళ్ళు వాటిలో అప్పటికే జెయింట్లు అయినవాటిని ఎంచుకుని చదువుతారు. నేనైతే వ్యాసం ఇక్కడే మొదలుపెడతాను. నువ్వు ఇక్కడే మొదలుపెట్టాలని కాదు, కానీ ఇది లేకుండా మాత్రం పంపొద్దు.

తారాగుచ్ఛం గురించి రెండు పేరాలు రాసి కూడా అది ఎందుకు ముఖ్యమో చెప్పలేదు. "అందమైన నక్షత్రాల సమూహం" అంటే ఏమొచ్చింది? విడిగా తిరిగే ఒక జెయింట్‌ని చూసి దాని బరువు, వయసు చెప్పడం కష్టం, వేర్వేరు బరువుల నక్షత్రాలు ఆ దశకి వచ్చేసరికి పైకి ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. అయిన్ హయడీస్ అనే తారాగుచ్ఛంలో ఉంది. అందులోవన్నీ ఒకే మేఘంలోంచి ఒకేసారి పుట్టిన తోబుట్టువులు కనుక, అన్నిటినీ కలిపి చూసి వయసు పట్టుకుంటే అయిన్ వయసూ అదే, దాంతో బరువు కూడా దొరుకుతుంది. నక్షత్రం బరువు తెలియకపోతే గ్రహం బరువు తేలదు. ఇంకో ముక్క. అప్పటికే అదే హయడీస్‌లో సుమారు వంద మామూలు నక్షత్రాలను ఇలాగే వెతికితే ఒక్క గ్రహమూ దొరకలేదు, ఓపెన్ క్లస్టర్లలో, అంటే హయడీస్ లాంటి వదులు గుచ్ఛాల్లో, తేలిన మొదటి గ్రహం ఈ జెయింట్ దగ్గర వచ్చింది. (2014లో ఒక చిన్న నక్షత్రం చుట్టూ ఆరు రోజులకోసారి తిరిగేది కూడా అక్కడే దొరికిందనుకో.) వందమంది ఇళ్ళలో వెతికిన వస్తువు పెద్దాయన గదిలో దొరికినట్టు. ఈ పోలిక నీకిస్తున్నా, వాడుకో.

అంకెల దగ్గర ఒక చిన్న మాట నీ వ్యాసంలోంచి జారిపోయింది. "గురుడికి 7.6 రెట్లు" అని రాశావు. "కనీసం 7.6 రెట్లు" అని ఉండాలి. మనకి తెలిసేది మన వైపు వచ్చీ పోయే వేగం ఒక్కటే, కక్ష్య ఎంత వాలి ఉందో ఈ పద్ధతిలో తెలియదు, మన చూపు దారి నుంచి అది ఎంత పక్కకి వాలి ఉంటే గ్రహం అసలు బరువు అంత ఎక్కువ. "కనీసం" తీసేస్తే వాక్యం నున్నగా అవుతుంది, నాకు తెలుసు, కానీ అబద్ధమవుతుంది. ఇక నక్షత్రం బరువు మొదట సూర్యుడికి 2.7 రెట్లు అన్నారు, తర్వాత దాని లోపలి కంపనాలు కొలిచినవాళ్ళకి రెండున్నర దగ్గర తేలింది. దానికి టెన్షన్ పడకు. ఏ ఏడాది ఏ పద్ధతిలో వచ్చిన అంకో పక్కన రాసుకుంటే చాలు.

నేనింత చాదస్తంగా చెప్పడానికి కారణం ఉంది. అదే 2007లో ఇంకో రెండు ఓపెన్ క్లస్టర్లలో కూడా జెయింట్ల చుట్టూ తిరిగేవి దొరికాయని ప్రకటించారు. అందులో ఒకటి ఎన్‌జీసీ 4349 అనే గుచ్ఛంలో 127వ నంబరు నక్షత్రం. ఎంత బరువుంది, ఎన్నాళ్ళకోసారి తిరుగుతోంది, అన్నీ చెప్పారు. 2018 వచ్చేసరికి మరిన్ని కొలతలు తీసినవాళ్ళు, ఆ ఊగడం చుట్టూ తిరిగేదాని వల్ల కాకపోవచ్చు, నక్షత్రం ఒంట్లోనే ఉండొచ్చు అన్నారు. జెయింట్లు తమంతట తామే ఉబ్బి తగ్గుతుంటాయి, మచ్చలతో తిరుగుతుంటాయి, అది కూడా గీతల్ని జరుపుతుంది. ఇప్పుడు ఆలోచించు, ఆ "గ్రహం" మీద మబ్బుల రంగులు రాసినవాడి పరిస్థితి ఏంటి? వేగం ఎలా కొలిచారో రాసినవాడి వ్యాసం మాత్రం ఇవాళ్టికీ తప్పు కాదు, కింద ఒక పేరా కలిపితే సరిపోతుంది.

మాటల గురించి ఎక్కువ చెప్పను. "రాక్షస నక్షత్రం" తీసెయ్, పురాణంలోకి పోతుంది. జెయింట్ అనే రాయి, అర్థమవుతుంది. "ఎర్రటి" అని కూడా అనకు, అయిన్ నారింజ పసుపు.

నా తప్పు కూడా చెప్పాలిగా. మొదట్లో ఒక పత్రికకి హయడీస్ గురించి రాస్తూ రోహిణిని ఆ గుచ్ఛానికి పెద్దదిక్కు అని రాసేశాను, పైకి చూస్తే అలాగే ఉంటుంది మరి, అన్నిటిలోకీ అదే వెలుగు. రోహిణి ఆ కుటుంబమే కాదు, మనకి 65 కాంతి సంవత్సరాల దూరంలో, గుచ్ఛానికి సగం దారిలో, చూపుకి అడ్డంగా నిలబడి ఉంది. అచ్చయిన వారానికే ఒక పాఠకుడు కార్డు రాశాడు. ఆ కార్డు చాలా రోజులు నా బల్ల మీదే ఉంచుకున్నాను.

నువ్వు ఆ వైపు ఆకాశం ఒక్కసారైనా చూశావా? వ్యాసంలో చూసిన జాడ లేదు. వృషభ రాశిలో ఇంగ్లీషు వీ అక్షరంలా కనబడుతుంది, ఒక కొస రోహిణి, రెండో కొస అయిన్. టెలిస్కోపు అక్కర్లేదు, చీకటి ఉంటే చాలు. చూశాక మొదటి పేరా మళ్ళీ రాసి పంపు.

అన్నట్టు పేరు సంగతి. 2015లో జనం ఓట్లతో పేర్లు పెట్టినప్పుడు ముందు జపాన్ సూర్యదేవత అమతెరాసు పేరే అనుకున్నారు, అది అప్పటికే ఒక గ్రహశకలానికి ఉండటంతో అమతేరు అని మార్చారు. నువ్వేమో మూడో పేజీలో పాత పేరే రాశావు, ఐదో పేజీలో కొత్తది. సరిచూసుకో.