అమ్మలూ, షాంపూ బాటిల్ వెనక్కి తిప్పి చూడు

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, రాయగడ హాస్టల్లో చేరిన దగ్గర్నుంచీ తలంటుకున్నప్పుడల్లా మాడు మంటెడుతోందంట, మర్నాటికి చెవుల వెనకాల పొట్టు రాలుతోందంట, నిద్రలో గోకేసుకుంటే పొద్దున్న తలగడ మీద రక్తం చుక్కలు కనపడ్డాయంట. అది విన్నాక నాకు అన్నం సయించలేదు. మీ అమ్మేమో కుంకుడుకాయలు మూట కట్టి పంపిస్తానంటోంది, నేనే ఆపీసేను, ఎందుకో కింద చెప్తాను.

ముందు నా సంగతి విను. పోయిన సంక్రాంతి ముందు పాతపట్నం వెళ్ళినప్పుడు ఒక షాపులో బాటిల్ ఒకటి కొన్నాను, ముందు వైపు ఆకు బొమ్మ, పెద్దక్షరాలతో సల్ఫేట్ ఫ్రీ అని, అంటే జిడ్డుని గట్టిగా లాగే సల్ఫేట్లు ఇందులో లేవని. మూడొందలు దాటింది ఖరీదు, అయినా మంచిదే కదా అనీసి తెచ్చుకున్నాను. నాలుగోసారి తలంటుకునేసరికి నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట ఎర్రటి గీత లేచింది, దువ్వెన పన్ను తగిలితే చాలు కళ్ళంట నీళ్ళొచ్చీసేవి. ఇరవై రెండేళ్ళు కెమిస్ట్రీ పాఠం చెప్పినదాన్ని, కొనే ముందు వెనక్కి తిప్పి చదవలేదు చూడు. ఇంటికొచ్చాక కళ్ళద్దాలు పెట్టుకున్నా ఆ అక్షరాలు కనపడలేదు, ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకుంటే నీళ్ళ తర్వాత మొదటి పేరే సోడియం సి14-16 ఓలెఫిన్ సల్ఫొనేట్. సల్ఫేట్ కాదది, సల్ఫొనేట్. ఆ ముందు వైపు మాటలో అబద్ధం లేదు, కానీ జిడ్డు లాగెయ్యడంలో సల్ఫేట్లకి అదేం పెద్దగా తీసిపోదు, నీలాంటి నాలాంటి మాడుకి అది పడకపోవచ్చు.

అందుకని నీకు నేను చెప్పేది ఒకటే, ముందు వైపు ఏం రాసున్నా వదిలీసి వెనక వైపు చదువు. హైపోఅలర్జెనిక్, జెంటిల్, నేచురల్ లాంటి మాటలు చూసి కొనెయ్యకు. వెనక పేర్లు ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత అన్న వరసలో ఉంటాయి (ఒక శాతం లోపు ఉన్నవి మాత్రం చివర్లో ఎలా అయినా రాసుకోవచ్చు). మొదటిది నీళ్ళు, ఆక్వా అని ఉంటుంది. దాని తర్వాత రెండు మూడు పేర్లే అసలు తలని కడిగేవి, నీ చూపు అక్కడ ఉండాలి. అక్కడ సోడియం లారిల్ సల్ఫేట్, అమ్మోనియం లారిల్ సల్ఫేట్ ఉంటే వద్దు. చర్మం మంట మీద పరిశోధనలు చేసేవాళ్ళు, కావాలని మంట పుట్టించాలంటే ఆ సోడియం లారిల్ సల్ఫేట్‌నే రాస్తారు, దాన్నిబట్టి అర్థం చేసుకో. సోడియం లారెత్ సల్ఫేట్ దానికన్నా మెత్తన, చాలామందికి ఏమీ కాదు, కానీ నీ మాడు ఇప్పుడు పుండులా ఉంది కాబట్టి నువ్వు దాన్ని కూడా కొన్నాళ్ళు దూరం పెట్టు. సోడియం కోకోయిల్ ఐసెథయొనేట్, డెసైల్ గ్లూకోసైడ్, కోకో గ్లూకోసైడ్, ఇలాంటివి ముందు వరసలో కనపడితే అది చేతిలోకి తీసుకో. కోకమిడోప్రొపైల్ బిటైన్ కూడా మెత్తనిదే, అయితే కొద్దిమందికి దానితోనే ఎలర్జీ వస్తుంది, వాడాక దురద పెరిగితే దాన్ని కూడా అనుమానించు.

ఇక చివరి పేర్లు. చాలామంది ఇక్కడిదాకా చదవరు గానీ దురదకి సగం కారణం ఇక్కడే ఉండొచ్చు. పర్‌ఫ్యూమ్, ఫ్రాగ్రెన్స్ అని ఉంటే వాసన కోసం కలిపినవి, అవి లేనిది దొరికితే మరీ మంచిది. మిథైల్‌ఐసోథయాజోలినోన్ అని పొడుగాటి పేరొకటి ఉంటుంది, షాంపూ పాడవకుండా వేసేది, 2013లో అమెరికాలో చర్మం ఎలర్జీ డాక్టర్ల సంఘం ఆ ఏడాదికి అందరూ జాగ్రత్తపడాల్సిన ఎలర్జీ పదార్థం ఇదేనని ప్రకటించింది. నా బాటిల్లో అదీ ఉంది, వాసనా ఉంది. టీ ట్రీ నూనె, పుదీనా నూనె ఉన్నవి చల్లగా హాయిగా ఉంటాయి గానీ ఎర్రబడిన చర్మం మీద అవి కూడా మండుతాయి.

కుంకుడుకాయ మాటకొస్తే, అమ్మమ్మ కాలం నుంచీ మనింట్లో అదే, నిజమే, అందులో సల్ఫేట్ ఉండదు. కానీ అందులో నురగొచ్చే సపోనిన్ కూడా జిడ్డుని గట్టిగానే లాగుతుంది, కంట్లో పడితే ఎలా మండుతుందో నీకు గుర్తుందిగా, చిన్నప్పుడు మహేంద్రతనయ ఏటి దాకా వినపడేలా ఏడ్చేదానివి. గోకుడు పుళ్ళ మీద అది పోసుకోకు, శీకాయ పొడి అయితే గరుగ్గా రాసుకుంటుంది కూడా. మాడు మానేక కావాలంటే వాడుకుందువు గాని.

బాటిల్ కొన్నాక ఒకేసారి తలంతా పోసీకు. కొంచెం నీళ్ళు కలిపి చెవి వెనక ఒక చుక్క రాసి, ఐదు నిమిషాలుంచి కడిగీసి రెండు రోజులు చూడు. రాత్రంతా ఉంచకు, అలా ఉంచితే ఏ షాంపూ అయినా మండుతుంది. ఆ నెలంతా ఇదొక్కటే మార్చు, కొత్త నూనె, కొత్త కండిషనర్, రంగు ఏవీ వద్దు, లేకపోతే ఏది పడలేదో తెలీదు.

నురగ తక్కువొస్తుంది, కంగారుపడకు. నురగ లేదని మళ్ళీ మళ్ళీ ఒంపుకుంటే మెత్తని షాంపూ కూడా మాడుని ఎండగట్టేస్తుంది. అరచేతిలో కొంచెం తీసుకుని నీళ్ళు కలిపి, గోళ్ళతో కాదు, వేలి కొసలతో మాడుకే రాయి, చివర్లకి జారే నురగ చాలు. గోరువెచ్చని నీళ్ళే పోసుకో. రాత్రి నూనె దట్టంగా పెట్టి పడుకోవడం మానీ, ఎందుకంటే ఈ మెత్తని షాంపూ నూనె జిడ్డుని తొందరగా వదల్చదు, రెండుసార్లు రుద్దాల్సొస్తుంది, పైగా చుండ్రు ఉంటే దానికి కారణమైన మలసీజియా అనే బూజు లాంటి సూక్ష్మజీవి ఆ నూనె తినే పెరుగుతుంది. మీ హాస్టల్ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయన్నావు కదా, ఆ నీళ్ళలో ఉన్న ఖనిజాలు జుట్టుకి పట్టి పెళుసు చేస్తాయి, ఆఖర్న ఒక్క మగ్గు ఫిల్టర్ నీళ్ళు పోసుకో, అది చాలు. సబ్బు మాత్రం తలకి పెట్టకు, ఆ నీళ్ళలో సబ్బు తెల్లగా గడ్డకట్టి జుట్టుకి అంటుకుపోతుంది.

నాలుగు వారాలు ఇలా చేసినా పొట్టు తగ్గకపోయినా, పసుపు రంగు జిడ్డు పొలుసులొచ్చినా, రసి కారినా, జుట్టు రూపాయి బిళ్ళంత గుండ్రంగా ఊడినా ఇక షాంపూలు మార్చుతూ కూర్చోకు. అది చుండ్రో, సోరియాసిసో, తామరో డాక్టరు చూసి చెప్పాలి, చుండ్రుకైతే కీటోకొనజోల్ షాంపూ లాంటి మందు వేరే ఉంటుంది. రాయగడలో స్కిన్ డాక్టరు దొరక్కపోతే బరంపురం ఎంకేసీజీ పెద్దాసుపత్రికి నేను తీసుకెళ్తాను, ఓపీకి పొద్దున్నే వెళ్ళాలి కాబట్టి ముందు రోజే పర్లాకిమిడి వచ్చీ. అన్నట్టు తలగడ గలీబు వేడినీళ్ళల్లో ఉతుకు, నీ దువ్వెన రూమ్‌మేట్‌కి ఇవ్వకు, పేలున్నాయేమో కూడా ఒకసారి చూపించుకో, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు.

ఆదివారం షాపుకెళ్తే డబ్బులివ్వక ముందే బాటిల్ వెనక వైపు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు, ఫోన్ దగ్గరే పెట్టుకుని ఉంటాను.

మీ పెద్దమ్మ