ఎనిమిది బ్యాండ్లు, ఒకే స్టేజ్

ప్రశ్న: మా కాలేజీ ఫెస్ట్‌కి చుట్టుపక్కల ఊళ్ల కొత్త బ్యాండ్లు ఎనిమిదింటిని పిలుస్తున్నాం. రాక్, ర్యాప్, కర్ణాటక ఫ్యూజన్, డప్పు బృందం అన్నీ ఉన్నాయి. పోయినసారి బ్యాండ్ మారినప్పుడల్లా అరగంట పట్టి, చివరివాళ్లకి టైమే మిగల్లేదు. ఈసారి ఎలా?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: ముగింపు నుంచి వెనక్కి లెక్కేయండి. రాత్రి 10 దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని శబ్ద కాలుష్య నియమాలు (2000) చెబుతున్నాయి కాబట్టి 9.30కి ఆపేయాలి. 5కి మొదలుపెడితే 270 నిమిషాలు. తలా 20 చొప్పున ఎనిమిది బ్యాండ్లకి 160, మధ్యలో ఏడు మార్పులకి పదేసి చొప్పున 70. మిగిలేది 40. దాన్ని ప్రసంగాలకి ఇవ్వకండి. కరెంటు పోయినా, గిటార్ తీగ తెగినా అదే ఆదుకుంటుంది.

పది నిమిషాల్లో మారాలంటే డ్రమ్ సెట్టు, బేస్ ఆంప్, గిటార్ ఆంప్‌లు (గిటార్ల శబ్దాన్ని పెంచే పెట్టెలు) అందరికీ కలిపి ఒకటే ఉండాలి. డ్రమ్ సెట్టులో స్నేర్ (పుల్లలతో కొట్టే చిన్న డ్రమ్ము), కిక్ పెడల్ (పెద్ద డ్రమ్ముని కాలితో మోగించేది), సింబల్స్ (లోహపు పళ్లేలు) మాత్రం ఎవరివి వాళ్లు తెచ్చుకుంటారు. మైకులు, వాయిద్యాల శబ్దాలన్నీ కలిపే మిక్సర్‌లో ఛానెల్ నంబర్లు ఏ బ్యాండ్‌కీ మార్చొద్దు: డ్రమ్స్‌కి 1–6, బేస్‌కి 7, గిటార్లకి 8, 9, కీబోర్డుకి 10, 11, గాత్రాలకి 12–15. వయొలిన్, మృదంగం, డప్పు లాంటివాటికి 16–20 ఖాళీగా ఉంచండి. ఆలస్యమంతా పుట్టేది ఇక్కడే: ఎవరో ఒక వైరు పీకి ఇంకోచోట పెడతారు, తర్వాతి బ్యాండ్ గాయని మైక్ మోగదు, ఎందుకో వెతకడానికే పావుగంట పోతుంది.

సౌండ్ చెక్ తిరగేసి చేయించండి. ఆఖరున వాయించేవాళ్లు ముందు, మొదట వాయించేవాళ్లు చివర. అప్పుడు మొదటి బ్యాండ్‌కి స్టేజ్ సిద్ధంగా ఉంటుంది. సాధారణంగా తొలిసారి స్టేజ్ ఎక్కేవాళ్లనే ముందు వరసలో వేస్తారు, వాళ్లకే చెడ్డ సౌండ్ దక్కడం న్యాయం కాదు.

డప్పు బృందానికి విడిగా ఏర్పాటు కావాలి. సాయంత్రం మంచుకి తోలు వదులై మోత చచ్చిపోతుంది. ఎక్కబోయే ముందు కాచుకోవడానికి షామియానాకి దూరంగా మంట, పక్కనే ఇసుక, నీళ్ల బకెట్లు ఉంచండి. ఒక్కో డప్పుకి ఒక్కో మైక్ పెట్టకండి. నాలుగైదు అడుగుల ఎడంలో రెండు మైకులు చాలు, సిర్ర (డప్పు కొట్టే పుల్ల) దెబ్బ స్పష్టంగా వినిపిస్తుంది.

ప్రశ్న: రిహార్సల్లో గిటార్ పట్టుకుని మైక్‌కి పెదవి ఆనించగానే మా గాయకుడికి షాక్ కొడుతోంది. స్పీకర్లలో గుయ్యిమని హమ్ కూడా వస్తోంది.
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: ముందు వాయించడం ఆపండి. గిటార్ ఆంప్‌కి ఎర్త్ అందడం లేదు, లేదా ఆంప్ ఒకచోట నుంచి, మిక్సర్ ఇంకోచోట నుంచి కరెంటు తీసుకుంటున్నాయి. మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి ఒక కొన గిటార్ తీగకి, రెండోది మైక్ జాలీకి ఆనించండి. ఒకటి రెండు వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఎవరినీ ఎక్కనివ్వకండి. సౌండ్ సామానంతటికీ ఎర్త్ ఉన్న ఒకే లైను, లైట్లకి వేరే లైను ఉండాలి. హమ్ పోతుందని ప్లగ్గులో మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను విరగ్గొట్టేవాళ్లున్నారు. హమ్ పోవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. హమ్ తీసే పని డీఐ బాక్సు (వాయిద్యం సిగ్నల్‌ని మిక్సర్‌కి పంపే చిన్న పెట్టె) మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్‌తో చేయాలి.

కీచుమనే ఫీడ్‌బ్యాక్ వేరే సంగతి. ర్యాపర్లు మైక్ తలని గుప్పిట్లో మూస్తారు. అప్పుడది వెనకవైపు శబ్దాన్ని కూడా పట్టేసి మానిటర్‌తో (పాడేవాళ్లకి వినపడేలా స్టేజ్ మీద పెట్టే స్పీకర్) కలిసి కూస్తుంది. పిడి పట్టుకోమని ముందే చెప్పండి.

ప్రశ్న: సినిమా పాటలు పాడితే లైసెన్సు కావాలా?
– ఒక అధ్యాపకుడు, తిరుపతి

జవాబు: మీ విద్యార్థులు, సిబ్బందే కాలేజీ కార్యక్రమంలో పాడితే, వినేవాళ్లు కూడా కాలేజీవాళ్లు, తల్లిదండ్రులే అయితే కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. బయటి బ్యాండ్లు పాడినా, టికెట్టు పెట్టి ఊరందరినీ పిలిచినా దాన్ని నమ్ముకోకండి, ఐపీఆర్ఎస్ (పాటల రచయితలు, స్వరకర్తల హక్కుల సంస్థ) దగ్గర లైసెన్సు తీసుకోండి. ఏ బ్యాండ్ ఏ పాటలు పాడుతుందో జాబితా రెండు వారాల ముందే రాయించుకుంటే పని తేలిక.