6.1 అంటే ఎంత? బేస్‌బాల్‌తో ఆన్‌లైన్ చదువు గురించి మా ఇంటి అనుభవం

ప్రశ్న: "న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయి ఐదో తరగతి. స్కూల్లో బేస్‌బాల్ ఆధారంగా లెక్కలు, సోషల్ ఆన్‌లైన్‌లో చెబుతామంటున్నారు. ఆటతో చదువు వస్తుందా, టైమ్ వేస్టా?"

వస్తుందండీ. మా ఇంట్లో వచ్చింది. కానీ అది లాప్‌టాప్ వల్ల రాలేదు, మా నాన్నగారి వల్ల వచ్చింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

2021 ఏప్రిల్. మేమూ మీ రాష్ట్రమే, ఎడిసన్. మావాడు అప్పుడు ఐదో తరగతి, బడి ఇంకా లాప్‌టాప్‌లోనే. బేస్‌బాల్ సీజన్ మొదలవగానే వాళ్ల టీచర్ ఒక పని పెట్టారు. ఒక్కొక్కరు ఒక పిచర్‌ని, అంటే మన బౌలర్‌లా బంతి వేసేవాణ్ణి, ఎంచుకోవాలి, నెలంతా అతని అంకెలు రాసి లెక్క కట్టాలి. అదే నెలలో తెనాలిలో మా నాన్నగారు కరోనా రెండో దశ వల్ల గడప దాటకుండా కూర్చున్నారు. హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. మాకు ఉదయం ఏడున్నర అయితే ఆయనకు సాయంత్రం ఐదు. రోజూ ఆ టైమ్‌కి వీడియో కాల్.

ఒకరోజు మావాడు ఏడుపు మొహంతో కూర్చున్నాడు. వాడి పిచర్ మొదటి మ్యాచ్‌లో 6.1 ఇన్నింగ్స్ వేసి 2 పరుగులిచ్చాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కి, అంటే పూర్తి మ్యాచ్‌కి, సగటున ఎన్ని ఇచ్చినట్టో చెప్పాలి. వాడు 18ని 6.1తో భాగించి 2.95 అని కొట్టాడు. యాప్ ఎర్రగా ఇంటూ మార్కు పెట్టింది. మూడుసార్లు చేశాడు, మూడుసార్లూ అదే.

"6.1 దశాంశం కాదురా నాన్నా" అన్నారు మా నాన్నగారు. "మన క్రికెట్‌లో 6.1 ఓవర్లంటే ఆరు ఓవర్ల ఒక బంతి. ఓవర్‌కి ఆరు బంతులు కాబట్టి ఆరూ, దాని మీద ఆరో వంతు. అలా చెయ్యి."

2.92 వచ్చింది. దానికీ ఇంటూ మార్కే.

కాసేపు అటూ ఇటూ మాటల్లేవు. తర్వాత వాడే అన్నాడు, "తాతయ్యా, ఇక్కడ బంతులు లెక్కపెట్టరు. ముగ్గురు ఔటైతే ఇన్నింగ్స్ అయిపోతుంది."

"ఎంతమంది?"

"ముగ్గురు."

ఆయన కళ్లద్దాలు సర్దుకుని ఫోన్ దగ్గరికి వంగారు. "అయితే ఆ ఒకటి మూడో వంతురా! ఆరూ మూడో వంతు అంటే పందొమ్మిది బై మూడు. 54ని 19తో భాగించు." 2.84. పచ్చ టిక్కు పడింది. తెనాలిలో ఆయన "అద్దీ!" అని అరిచిన అరుపుకి మా అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

భిన్నంలో కింద ఉండే అంకె ఎందుకో మావాడికి ఆ రోజే తెలిసింది. అంతకుముందు రెండేళ్లు ఒక ట్యూషన్ సెంటర్‌కి నెలనెలా డబ్బు కట్టాను. కట్టలకొద్దీ షీట్లు నింపించారు, చేతివేగం పెరిగింది, అర్థం మాత్రం కాలేదు. ఇక్కడ మనవాళ్లలో చాలామంది ఆ షీట్లే చదువు అనుకుంటారు, వారాంతంలో పిల్లలను ఒక సెంటర్ నుంచి ఇంకో సెంటర్‌కి తిప్పుతుంటారు. నాకది చూస్తే బాధేస్తుంది. ఆ యాప్‌తో కూడా నాకు పేచీ ఉంది. తప్పు అని చెప్పింది గానీ ఎందుకు తప్పో ఒక్క ముక్క చెప్పలేదు. పక్కన మనిషి లేని పిల్ల ఆ ఇంటూ చూసి, నాకు లెక్కలు రావు అనుకుని లేచిపోతుంది.

ఆ మర్నాటి నుంచి మా నాన్నగారే బేస్‌బాల్ గురించి అడగడం మొదలుపెట్టారు. టెడ్ విలియమ్స్ అనే పాతకాలపు బ్యాటర్ సంగతి ఆయనకు మావాడే చెప్పాడు. 1941 సీజన్ ఆఖరి రోజుకి అతను 448 సార్లు బ్యాటింగ్ చేసి 179 హిట్లు (బంతిని కొట్టి ఔటవకుండా బేస్ చేరడం) కొట్టి ఉన్నాడు. భాగిస్తే 0.39955. మూడు స్థానాలకు సవరిస్తే 0.400. ఆడకుండా కూర్చున్నా రికార్డు పుస్తకంలో 0.400 అనే పడేది. అతను ఆ రోజు ఫిలడెల్ఫియాలో రెండు మ్యాచ్‌లూ ఆడి, 8 సార్లలో 6 హిట్లు కొట్టి 0.406తో ముగించాడు. దశాంశాల సవరింపు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ తన సర్వీసులో దొరకలేదన్నారు నాన్నగారు.

సోషల్ కూడా ఇలాగే వచ్చింది. కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం వాళ్లు స్కూళ్లకు వీడియోలో పాఠాలు చెబుతారు. లెక్కలే కాదు, పౌరహక్కులు, మహిళల చరిత్ర కూడా. ఏప్రిల్ 15న ఆటగాళ్లందరూ 42 నంబరు చొక్కాలే వేసుకోవడం చూసి మావాడు ఎందుకని అడిగాడు. 1947లో అదే తేదీన జాకీ రాబిన్‌సన్ అనే నల్లజాతి ఆటగాడు 42 నంబరు చొక్కాతో బ్రూక్లిన్ జట్టులో దిగాడు. అంతకుముందు దాదాపు అరవై ఏళ్లు పెద్ద లీగుల్లో నల్లవాళ్లను ఆడనివ్వలేదు. ఇది విని మా నాన్నగారు పల్వంకర్ బాలూ గురించి చెప్పారు. 1911లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టులో నూరుకు పైగా వికెట్లు తీసిన దళిత బౌలర్. పూనాలో తోటి ఆటగాళ్లు లోపల టీ తాగుతుంటే ఆయనకు బయట, మట్టి పిడతలో ఇచ్చేవారట. మావాడు "మన దగ్గర కూడానా?" అన్నాడు. ఆ ప్రశ్న వాడి నోట వచ్చినందుకు నాకు ఇప్పటికీ తృప్తిగా ఉంటుంది.

ఒక్కటి చూసుకోండి. పన్నెండు మామిడిపళ్ల బదులు పన్నెండు బంతులని రాసి, పక్కన బ్యాట్ బొమ్మ వేస్తే అది బేస్‌బాల్ పాఠం కాదు, పాత షీటే. మీ స్కూల్ వాళ్లు అలాంటివి పంపితే టీచర్‌కి చెప్పండి, మొహమాటపడకండి.

ఇంట్లో మీరు చేయాల్సింది ఒక స్కోర్ బుక్ కొని, టీవీ ముందు అమ్మాయి చేత పెన్సిల్‌తో ఒక మ్యాచ్ రాయించడం. ఆట మీకు తెలియకపోతే ఇంకా మంచిది, తనే మీకు చెబుతుంది. ఊళ్లో తాతయ్యో అమ్మమ్మో ఉంటే ఆ పుస్తకం వాళ్లకు ఫోన్‌లో చూపించి చెప్పమనండి. మొదటిసారి ఐదు ఇన్నింగ్స్ చాలు. రాత్రి ఏడింటికి మొదలయ్యే మ్యాచ్‌లు తొమ్మిది ఇన్నింగ్స్ పూర్తయ్యేసరికి మావాడు పెన్సిల్ పట్టుకునే నిద్రపోయేవాడు.