గజ్జ మడతను నమ్మకు

చిట్టీ,

నీకు డీఎం కార్డియాలజీ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎంత పొంగిపోయానో అంత గుబులూ పుట్టింది. అందుకే ఈ ఉత్తరం.

గుండెలోకి గొట్టం పంపడానికి ధమనిని గుచ్చే దారులు రెండు: మణికట్టు, తొడ పైన గజ్జ. మణికట్టు దారి అక్కడ రోజూ చూస్తావు, రెండు ముక్కల్లో చెప్తాను. బొటనవేలి వైపు ఎముక మొనకు రెండు సెంటీమీటర్లు పైన గుచ్చు. షీత్ అంటే ధమనిలో ఉంచే గొట్టం; బీపీ తక్కువున్నవాళ్లకి షీత్‌లో వెరపామిల్ ఎక్కించకు, బీపీ ఇంకా దించుతుంది. వైరుకి అడ్డం తగిలితే తోయకు, ఫ్లోరో (కదిలే ఎక్స్‌రే) చూడు. చివర్లో బ్యాండు బిగించేటప్పుడు రక్తం ఆగాలి గానీ నాడి ఆగకూడదు. నాడి ఆగేలా బిగిస్తే ధమని మూసుకుపోతుంది, మళ్లీ అవసరమైనప్పుడు ఆ దారి ఉండదు.

నా భయమంతా తొడ దారి గురించే. 1989లో కెనడా డాక్టర్ కాంపో మణికట్టు నుంచి యాంజియోగ్రామ్‌లు చేసి చూపించాక, మెల్లమెల్లగా తొడ అలవాటు తప్పింది. కానీ షాక్‌లో వచ్చిన (బీపీ బాగా పడిపోయిన) మనిషికి మణికట్టు నాడి అందకపోతే, గుండెకి ఊతమిచ్చే బెలూన్ పంపు పెట్టాల్సి వస్తే, తొడే దిక్కు. చెయ్యి తిరగనివాళ్లు ఆ కంగారులోనే తప్పు చేస్తారు.

ఆ తప్పేంటో విను. గజ్జ మడత చూసి గుచ్చుతారు. లావుగా ఉన్నవాళ్లలో ఆ మడత బాగా కిందికి జారి ఉంటుంది, సూది ధమని రెండు కొమ్మలుగా చీలిన చోటికి దిగువన దిగుతుంది. అది తెలిసినవాడు అందాజుగా పైకి జరుగుతాడు. అప్పుడింకా ప్రమాదం. సూది 45 డిగ్రీల వాలులో వెళ్తుంది కదా, ధమని మూడు సెంటీమీటర్ల లోతులో ఉంటే చర్మం మీద గుచ్చిన చోటుకి మూడు సెంటీమీటర్లు పైన దిగుతుంది. గజ్జ పైన ఉండే ఇంగ్వైనల్ లిగమెంట్ అనే పట్టీని దాటిందంటే, నొక్కడానికి వెనక ఎముక ఉండదు. రక్తం పొట్ట వెనక్కి పోతుంది. గజ్జ చూస్తే శుభ్రంగా ఉంటుంది, వాపు లేదు, గుడ్డ తడవలేదు. రోగి మాత్రం "నడుం లాగుతోందండీ" అంటాడు. పడుకుని పడుకుని అలా ఉందిలే అని నొప్పి ఇంజెక్షన్ రాసి వెళ్లావో, ఊరుకోను! బీపీ చూడు. పడిపోతుంటే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఆపి రక్తం తెప్పించు, సీనియర్లని పిలువు. అంత పడిపోయిన మనిషిని సీటీకి తోసుకుపోకు.

ఇదంతా రాకుండా చూడటం రెండు నిమిషాల పని. ఆర్టరీ ఫోర్సెప్స్ అనే లోహపు పట్టకారు గజ్జ మీద పెట్టి ఫ్లోరో కొట్టు. దాని కొన తొడ ఎముక తల కింది అంచుకి వచ్చిన చోట చర్మం మీద గుచ్చు, ధమనిలో ఆ తల మధ్య భాగం మీద దిగాలి. అల్ట్రాసౌండ్ ఉంటే ఇంకా మంచిది: ప్రోబ్‌తో నొక్కితే సిర అణిగిపోతుంది, ధమని అణగదు, చీలిన చోటూ కనబడుతుంది. 21 గేజ్ సన్న సూదితో మొదలుపెట్టి, సన్న గొట్టంలోంచి ఎక్స్‌రేలో కనబడే డై కాస్త వేసి చూసుకో. పైన పడిందా, తీసేసి నొక్కు. చిన్న చిల్లు, ఆగుతుంది. ఆ చిల్లులోనే ఆరు ఫ్రెంచ్ సైజు షీత్ దూర్చి, హెపారిన్ కూడా ఇచ్చాక తీరిగ్గా చూద్దామనుకోకు.

షీత్ తీసేముందు ఏసీటీ, అంటే రక్తం గడ్డకట్టే సమయం, 180 సెకన్ల కిందికి దిగిందో లేదో చూడు. చర్మం చిల్లు మీద కాదు, దానికి రెండు సెంటీమీటర్లు పైన నొక్కు, ధమని చిల్లు అక్కడుంటుంది. గడియారం చూసి పదిహేను, ఇరవై నిమిషాలు. మధ్యలో ఎత్తి చూడొద్దు.

లెడ్ ఏప్రన్ నీ కొలతకి చేయించుకో, డబ్బులు నేను పంపిస్తా. నీ బక్క ఒంటికి మగపిల్లల ఏప్రన్ వేస్తే ఏడాదికే నడుం పోతుంది.

ఇట్లు,
మీ మావయ్య