కోస్టారికాకు బయలుదేరబోతున్న అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

జూలైలో నీవు, అల్లుడు, బాబు కలిసి కోస్టారికాకు వెళ్లబోతున్నారని మీ అమ్మ చెప్పగానే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. సెలవు దొరికితే పెద్ద నగరాల అంగళ్ల చుట్టూ తిరగాలనుకునే వాళ్లనే ఎక్కువగా చూసిన నాకు, అడవి కోసం అంత దూరం వెళ్లే అమ్మాయి మన ఇంట్లో ఉందంటే గర్వంగానే ఉంది. అయితే మీ అమ్మ ద్వారా నీవు పంపిన ప్రయాణ పట్టిక చూశాక మాత్రం గుండెల్లో రాయి పడింది. పది రోజులు, ఆరు చోట్లు, ఏడేళ్ల పిల్లవాడు, అద్దె కారు! నీవు కోప్పడినా సరే, ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

పటంలో మధ్య అమెరికాలోని ఆ దేశం జానెడు కూడా ఉండదు. వైశాల్యం సుమారు 51,100 చదరపు కిలోమీటర్లే కాబట్టి, ఏ మూల నుంచి ఏ మూలకైనా ఒక పూటలో చేరవచ్చునని నీకు అనిపించి ఉంటుంది. కానీ వాయవ్యం నుంచి ఆగ్నేయం దాకా దేశం నడుమ కొండల వరుస సాగుతుంది. రాజధాని సాన్ హోసే నుంచి దక్షిణానికి పోయే ప్రధాన రహదారి సెర్రో దె లా ముయెర్తె అనే చోట 3,300 మీటర్లకు పైగా ఎక్కి దిగుతుంది. మధ్యాహ్నం దాటితే అక్కడ తరచు మంచు కమ్ముకుని ముందున్న బండి కూడా కనిపించదు. ఆ కొండల వల్లనే కరీబియన్ వైపు ఒక వాతావరణం, పసిఫిక్ వైపు మరొక వాతావరణం ఏర్పడి, ఇంత చిన్న దేశంలో 900కు పైగా పక్షి జాతులు కనిపిస్తున్నాయి. నీవు చూడాలనుకున్న వైవిధ్యానికి కారణమైన కొండలే నీ ప్రయాణాన్ని నత్తనడక నడిపిస్తాయి. లా ఫోర్తునా నుంచి మోంతెవెర్దెకు నీవు గంటన్నర వేశావు. మధ్యలో ఆరెనాల్ సరస్సు ఉంది. దాని చుట్టూ తిరిగి వెళ్లడానికి మూడు గంటలకు పైగా పడుతుంది. అటూ ఇటూ వ్యాను, మధ్యలో పడవ ఉండే ఏర్పాటు అక్కడ అందరికీ తెలిసినదే. అదే తీసుకో, బాబుకు కూడా సరదాగా ఉంటుంది.

చిన్న విషయాలు ఒక్క మాటలో ముగిస్తాను. అమెరికాలో విమానం మారేటట్లయితే, మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లు విమానాశ్రయం దాటి బయటికి రాకపోయినా ఆ దేశపు వీసా ఉండి తీరాలి. తిరుగు ప్రయాణపు టికెట్టు చేతిలో ఉంచుకో. డాలర్లు చాలాచోట్ల తీసుకుంటారు గాని చిన్న బస్సులకూ చిన్న అంగళ్లకూ అక్కడి డబ్బయిన కొలోన్లు దగ్గర ఉండటం మంచిది. భోజనశాల బిల్లులో 13 శాతం పన్ను, 10 శాతం సేవా రుసుము కలిసే ఉంటాయి. డెంగీ ఉన్న దేశం కనుక దోమల మందు మరవవద్దు. ఏ ఆపద వచ్చినా 911కు ఫోను చేయాలి.

జూలై అంటే వానల కాలమే. మే నుంచి నవంబరు దాకా పసిఫిక్ వైపు సాధారణంగా ఉదయం ఎండ కాసి మధ్యాహ్నం వాన దిగుతుంది. జూలైలో అక్కడ కొద్ది రోజులు తెరిపి ఇవ్వడమూ ఉంది, కరీబియన్ వైపు మాత్రం అదే నెలలో బాగా కురుస్తుంది. వానకు భయపడవద్దు, తడిసినప్పుడే ఆ అడవి అందం. కాని ఏ పనైనా పొద్దున్నే పెట్టుకో. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి వేసవిలో పొద్దు సాగుతుందన్న ఆశ అక్కడ పనికిరాదు. ఏ నెలలోనైనా ఆరు గంటల ప్రాంతానికి చీకటి పడుతుంది, సంధ్య వెలుగు కూడా ఎంతో సేపు నిలవదు. నీ పట్టికలో రెండు రోజులు సాయంత్రం ఆరున్నరకు చేరుకుంటామని రాసి ఉంది. వాటిలో ఒకటి ఒసా ద్వీపకల్పంలోని కరాతే. ఆ పేరు చూశాకనే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీ పెద్దనాన్నగారి సంగతి నీకు తెలుసు కదా, వెళ్లిన చోట ఉన్నవన్నీ చూసి తీరాలనే మనిషి. ఆయన వేసిన పట్టిక నీ పట్టికకు అన్నగారి లాంటిదే. కోర్కోవాదో అడవికి వెళ్లడానికి కరాతేలో బస కుదుర్చుకుని, ముందే డబ్బు కట్టేశారు. దారిలో పక్షుల కోసం ఆగి ఆగి, మేము పువెర్తో హిమెనెస్ చేరేసరికే మధ్యాహ్నం మూడు దాటింది. అక్కడి నుంచి కరాతేకు దాదాపు 40 కిలోమీటర్ల మట్టి రోడ్డు. వంతెనలు లేని వాగులను కారుతోనే దాటాలి. పెట్రోలు బంకులో కుర్రవాడు కొండల వైపు చూపించి, ఈ రాత్రికి ఇక్కడే ఆగండి అన్నాడు. డబ్బు కట్టేశాం కదా అన్నారు ఈయన. మొదటి వాగులో నీళ్లు చక్రాల సగానికి కూడా రాలేదు. రెండవదీ అంతే. ఒక్కొక్క వాగు దాటిన కొద్దీ ఆయనకు ధైర్యం పెరిగింది, నాకు మాట తగ్గింది.

పెద్ద వాగు దగ్గరికి వచ్చేసరికి వెలుతురు మసకబారుతోంది. మా నెత్తిన ఒక్క చినుకు లేదు. కాని నీళ్లు టీ రంగులోకి మారి, వాటి మీద పచ్చి ఆకులూ అప్పుడే విరిగిన పుల్లలూ కొట్టుకు వస్తున్నాయి. ఆగుదామన్నాను. అవతలి గట్టు మీద టైర్ల గుర్తులు తాజాగా ఉన్నాయి, ఎవరో ఇప్పుడే దాటారు అని ఆయన కారు దింపారు. సరిగ్గా నడిమధ్యలో ఇంజను గాలి పీల్చుకునే గొట్టంలోకి నీళ్లు దూరి బండి ఆగిపోయింది. ప్రవాహం తలుపును నొక్కిపెట్టడంతో అది తెరుచుకోలేదు. పాదాల దగ్గర పెట్టిన సంచి తేలింది, అందులోనే మా పాస్‌పోర్టులు ఉన్నాయి. అవతలి గట్టున ఉన్న ఒక రైతు కేకలు విని ట్రాక్టరు తెచ్చి గొలుసు కట్టి లాగకపోయి ఉంటే ఈ ఉత్తరం రాసేవాళ్లు ఉండేవాళ్లు కారు. మమ్మల్ని గట్టు ఎక్కించిన కొద్దిసేపటికే, వాగు లోతుకు మేము గుర్తు పెట్టుకున్న పెద్ద బండరాయి నీళ్లలో కనిపించకుండా పోయింది.

కొండల మీద కురిసిన వాన కింద ఎండగా ఉన్నప్పుడు కూడా ఒక్క పెట్టున వాగులోకి దిగుతుంది. అక్కడివాళ్లు దాన్ని కబేసా దె ఆగ్వా అంటారు. నీటి రంగు మారడం, చెత్త కొట్టుకురావడం, ఎగువన హోరు వినిపించడం దానికి గుర్తులు. కనిపిస్తే కారులో ఉన్నా, జలపాతం కింద స్నానం చేస్తున్నా, క్షణం ఆలోచించకుండా గట్టు ఎక్కాలి. ఇక కారు సంగతి: సంపూర్ణ బీమా అని మాకు అంటగట్టిన కాగితంలోనే, నీటిలో నడిపితే జరిగిన నష్టానికి బాధ్యత లేదని చిన్న అక్షరాలలో ఉంది. ఇంజను ఖరీదు మొత్తం మా దగ్గరే వసూలు చేశారు. ఒప్పందాలు దాదాపు అన్నీ అలాగే ఉంటాయి, చదువుకో. డబ్బు పోయినందుకు నాకు విచారం లేదు. ఆ రాత్రి రైతు ఇంట్లో తడి బట్టలతో కూర్చుని కూడా, అయిదు నిమిషాలు ముందు వచ్చి ఉంటే దాటేవాళ్లమని మీ పెద్దనాన్నగారు వాదించారు చూడు, అది మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

సముద్రం విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. పసిఫిక్ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు బలంగా ఉంటాయి, చాలా తీరాలలో కాపలాదారులు ఉండరు. లాగినప్పుడు ఒడ్డుకు ఎదురీదితే బలం చాలదు. ఒడ్డుకు సమాంతరంగా ఈది ఆ లాగుడు నుంచి తప్పుకున్నాక వెనక్కి రావాలి. ఇది అల్లుడికి నేర్పించు. బాబును మాత్రం మోకాలి లోతు దాటనివ్వవద్దు. నదులు సముద్రంలో కలిసే చోట మొసళ్లు ఉంటాయి, అక్కడ పాదం కూడా పెట్టవద్దు. పడవ ఎక్కినప్పుడల్లా వాడి కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్ అడిగి తీసుకో. పెద్దవాళ్లది తొడిగి పట్టీ బిగిస్తామంటే ఒప్పుకోకు. నన్ను చాదస్తం మనిషి అనుకున్నా ఫరవాలేదు.

పాముల గురించి మీ అమ్మ బెంగ పెట్టుకుంది, నాకు అంత లేదు. తెర్సియోపెలో అనే విషసర్పం అక్కడ ఉన్న మాట నిజమే. కాని 1970లో ఏర్పడిన క్లోదోమిరో పికాదో సంస్థ విరుగుడు మందు ఆ దేశంలోనే తయారు చేస్తోంది. చీలమండ దాటే బూట్లు వేసుకుని, దారి వదలకుండా, రాత్రి టార్చి లేకుండా కదలకుండా, ఆకుల కుప్పలో చేయి పెట్టకుండా ఉంటే చాలు.

గైడు దగ్గర మాత్రం పిసినారితనం చూపవద్దు. మేము మొదటి పూట గైడు లేకుండా నడిచి ఆకులు తప్ప ఏమీ చూడలేదు. మరునాడు ఒకాయన టెలిస్కోపు నిలబెట్టి చూపించినప్పుడు, ఎండుటాకుల ముద్ద అనుకున్నది చెట్ల మీద బతికే స్లాత్ అనే మందగమనపు జంతువని తెలిసింది. దాని వెంట్రుకల్లో పెరిగిన నాచు పచ్చదనం కూడా స్పష్టంగా కనిపించింది. అయితే బాబుకు అన్నిటికంటే నచ్చేది నేల మీదనే ఉంటుంది. ఆకులు కోసే చీమలు తమకంటే పెద్ద ఆకు ముక్కలు నెత్తిన పెట్టుకుని బారులు తీరి పోతుంటాయి. వంగి చూడమను: కొన్ని ముక్కల మీద ఇంకా చిన్న చీమ ఒకటి కూర్చుని ఉంటుంది. మోసే చీమ మీద గుడ్లు పెట్టడానికి వచ్చే ఈగలను అది తరుముతుంది. ఆకులు తినడానికి కావు, పుట్టలో బూజు పెంచి దాన్నే తింటాయి. అక్కడ వాణ్ణి తొందరపెట్టకు. నీ పట్టికలో పిల్లవాడు అరగంట కూర్చుని చీమలను చూసే చోటే లేదు, అందుకే దాన్ని దిద్దమంటున్నాను.

మూడు చోట్లు చాలు. మొదట తోర్తుగేరో. అక్కడికి రోడ్డు లేదు, లా పవోనా నుంచి పడవలో వెళ్లాలి. పచ్చ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఎక్కువగా ఒడ్డుకు వచ్చేది జూలై నుంచి అక్టోబరు దాకా. రాత్రి తీరానికి అనుమతి పొందిన గైడుతోనే వెళ్లాలి. కెమెరా, ఫోను వెలుగు ఏదీ కూడదు, ముదురు రంగు బట్టలు వేసుకోవాలి. తరువాత లా ఫోర్తునా: 1968లో పేలి ఊళ్లను కప్పేసిన ఆరెనాల్ అగ్నిపర్వతం 2010 నుంచి శాంతించింది, కాబట్టి ఎర్రని లావా కనిపిస్తుందని బాబుకు ఆశ పెట్టకు. చివరికి మోంతెవెర్దె. 1951లో అమెరికా నుంచి వచ్చి స్థిరపడిన క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు తమ నీటి ఊటలను కాపాడుకోవడానికి విడిచిపెట్టిన అడవి అక్కడి రక్షిత వనానికి మూలమైంది. స్వెట్టరు తీసుకువెళ్లు, కొండమీద చలి వేస్తుంది. ఒక్కొక్క చోట మూడు రాత్రులు ఉండండి.

మాన్యుయెల్ ఆంతోనియోకు నీవు మంగళవారం కేటాయించావు. ఆ వనానికి మంగళవారమే సెలవు! టికెట్లు కూడా ముందుగా ఆన్‌లైన్లోనే తీసుకోవాలి, లోపలికి తినుబండారాలు రానివ్వరు. దాన్ని కొట్టివేయి.

ఒసాకు బాబు ఇంకాస్త పెద్దవాడయ్యాక వెళ్లవచ్చు. ఇప్పుడే వెళ్లాలని అల్లుడు పట్టుబడితే మిగిలిన చోట్లలో ఒకటి తగ్గించుకుని, సియెర్పె నుంచి ఉదయపు పడవలో డ్రేక్ వైపు వెళ్లండి. కోర్కోవాదోలోకి గైడు లేకుండా ఎలాగూ అనుమతించరు, కనుక పడవనూ గైడునూ బసవాళ్ల చేతే కుదిర్పించుకోండి. కరాతేకు కారులో వెళ్లడం మాత్రం నేను ఒప్పుకోను. దిద్దిన పట్టిక నాకు పంపించు. కారుకు డబ్బు కట్టక ముందే పంపించాలి సుమా, కట్టిన తరువాత కాదు.

ఇట్లు,
మీ పెద్దమ్మ