మొదటి విమానం కొనేముందు

అమ్మడూ,

మొదటి జీతంతో డైకాస్ట్ విమానాలు, అదే లోహంతో పోతపోసిన బొమ్మ విమానాలు, కొంటానన్నావని రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆవిడకి ఒకటే కంగారు, డబ్బంతా బొమ్మల పాలు చేస్తావేమోనని. నాకు మాత్రం చాలాసేపు నిద్రపట్టలేదు. లేచి లైటు వేసి, అద్దాల బీరువా ముందు నిలబడి నావన్నీ మళ్లీ ఒకసారి చూసుకున్నాను.

ముందు స్కేలు తేల్చుకో, అంటే బొమ్మ అసలు విమానంలో ఎన్నో వంతు అన్నది. బోయింగ్ 747-400 అసలు పొడవు 70 మీటర్ల పైమాటే. 1:400లో అది 18 సెంటీమీటర్ల లోపు, జానెడు కూడా ఉండదు. 1:200లో 35 సెంటీమీటర్లు. రెండు స్కేళ్లూ కలిపి కొన్నావంటే 1:200లో చిన్న విమానమైన ఎయిర్‌బస్ ఏ320 పక్కన 1:400లో ఆ 747 జంబో చిన్నబోతుంది. అది చూడలేను నేను.

ఎండ పడనివ్వకు, తెలుపు పచ్చబడుతుంది, ఎరుపు వెలిసిపోతుంది. రెక్కలు పట్టుకుని ఎత్తకు. డబ్బాలు పారేయకు.

పాతవి కొనేటప్పుడు మాత్రం తొందరపడకు తల్లీ. ఇవి జింకు మిశ్రమంతో పోతపోసినవి. ఆ జింకులో సీసంలాంటి మలినాలు కలిస్తే ఏళ్లు గడిచాక లోహం లోపల్నుంచే ఉబ్బి పగులుతుంది. తేమ తగిలితే మరీ త్వరగా. దానికి మందు లేదు. రెక్క మొదట్లో వెంట్రుకలాంటి గీత కనిపించినా, పెయింటు కింద పొక్కు తేలినా, ఎంత అరుదైనదైనా వదిలెయ్.

ఇక జిగురు సంగతి. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు.

నీకు నాలుగేళ్లప్పుడు సెలవులకి మా ఇంటికి వచ్చారు. నేను స్నానం చేసి వచ్చేసరికి నా మొదటి 747 నీ చేతిలో ఉంది. దాన్ని పట్టుకుని గదంతా తిరుగుతున్నావు, నోటితో ఇంజన్ చప్పుడు చేస్తూ. నన్ను చూసి ఉలిక్కిపడి వదిలేశావు. ముందు చక్రం కాడ విరిగింది. పెన్సిల్ ములుకంత ఉంటుంది అది. నీ మీద గట్టిగా అరిచాను. నువ్వు మంచం కిందికి దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు.

ఆ కోపంలోనే సూపర్ గ్లూ పూసి, చక్రం అతికించి, ఆరిందో లేదో కూడా చూడకుండా డబ్బాలో పెట్టి మూసేశాను. నేను చేసిన తప్పు అదే. ఆ జిగురు ఆరేటప్పుడు ఆవిరి వస్తుంది. మూసిన డబ్బాలో అది పోయే దారి లేక పెయింటు మీదే తెల్లటి పొరలా పేరుకుంటుంది. మర్నాడు తెరిస్తే ముక్కు దగ్గర కిటికీలన్నీ మసకబారి ఉన్నాయి. నీలం చార మీద, తలుపు బొమ్మకి కాస్త వెనకగా, ఒక చిన్న వేలిముద్ర తెల్లగా తేలింది. గీత గీతా విడిగా కనిపిస్తోంది. వేలిముద్రలు పట్టడానికి పోలీసులు వాడేదీ ఇదే ఆవిరి అని తర్వాత తెలిసింది. నా వేలు ఆనించి చూశాను. అందులో సగం కూడా లేదది.

మీరు అప్పటికే ఊరెళ్లిపోయారు.

కాబట్టి ఏదైనా విరిగితే ఆ రోజు ముట్టుకోకు. విరిగిన ముక్కని చిన్న కవర్లో దాచి, మర్నాడు చెక్కపనికి వాడే తెల్ల జిగురు సూదిమొనతో అద్దు. పారదర్శకంగా ఆరుతుంది, ఆవిరి బాధ లేదు, వంకరగా అతికితే తడిబట్టతో తుడిచి మళ్లీ అతికించుకోవచ్చు. రాత్రంతా బయటే ఆరనివ్వు. ఇంట్లో పిల్లలెవరైనా పట్టుకుని ఆడుతుంటే అరవకమ్మా. మెల్లగా పక్కన కూర్చుని పొట్ట కింద చెయ్యి పెట్టి పట్టుకోవడం నేర్పు.

నా దగ్గరున్న వాటిలో నీకు నచ్చినవి మూడు తీసుకెళ్లు, మొదలుపెట్టడానికి చాలు. ఆ 747 మాత్రం అడగకు. దాన్ని ఇంతవరకూ తుడవలేదు. వచ్చినప్పుడు చూపిస్తాను.

మీ మామయ్య