మాంద్యం వస్తే సెకండ్ హ్యాండ్ కార్లు చవకవుతాయా? కొనడానికి అప్పటిదాకా ఆగాలా?

మాంద్యం రాబోతోందని అంతా అంటున్నారు, సెకండ్ హ్యాండ్ కారు కొనాలనుకుంటున్నాను, కొన్నాళ్లు ఆగితే సగం ధరకు దొరుకుతుందా అని అడిగారు. ఆగితే తగ్గొచ్చు, పెరగనూవచ్చు. రెండూ నా కళ్లతో చూశాను. కారు నిజంగా అవసరమై, చేతిలో డబ్బుండి, ఉద్యోగం మీద నమ్మకం ఉంటే మాత్రం కేవలం మాంద్యం కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దనే చెబుతాను. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను.

2008లో నేను కార్లకు లోన్లిచ్చే ఒక సంస్థలో పనిచేసేవాణ్ని. కిస్తీలు ఆగిపోయి సీజ్ చేసిన బండ్లను చూసి, వేలంలో ఏది ఎంతకు పోతుందో అంచనా రాయడం నా పని. ఆ తర్వాత పాత కార్ల వ్యాపారంలోకి వచ్చాను, ఇప్పటికీ అందులోనే ఉన్నాను. అప్పటి నుంచి గమనిస్తున్నది ఒకటే: "సంక్షోభం" అని అందరూ ఒక్క మాటలో అనేస్తారు గానీ, అది దేని గొంతు నొక్కుతుందన్న దాన్ని బట్టే పాత కార్ల ధర ఎటు పోయేదీ తేలుతుంది. లోన్లు ఆగిపోతే ఒక రకం, కొత్త కార్లు రావడం ఆగిపోతే ఇంకో రకం, కరెన్సీ విలువ పడిపోతే మరో రకం.

2008లో ఆగిపోయినవి లోన్లు. అమెరికాలోని పెద్ద పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ సెప్టెంబరులో కుప్పకూలింది. ఆ తర్వాతి నెలలోనే అమెరికాలో కార్లకు పెద్ద ఎత్తున అప్పులిచ్చే జీమ్యాక్, క్రెడిట్ స్కోరు 700 దాటితే తప్ప లోన్ ఇవ్వనని ప్రకటించింది. పాత కారు కొనేవాళ్లలో అంత స్కోరు లేనివాళ్లే ఎక్కువ. అంటే కొనాలన్న కోరిక ఉంది, కారు అవసరం ఉంది, కానీ కొనే దారి మూసుకుపోయింది. ఇంకోవైపు ఉద్యోగాలు పోయినవాళ్లు ఈఎంఐ భారం వదిలించుకోవాలని అయినకాడికి అమ్మేస్తున్నారు. అమ్మేవాళ్లు పెరిగి కొనేవాళ్లు తగ్గితే ధర నిలవదు. ఆ ఏడాది చివరి నెలల్లో వేలం ధరలు బాగా పడ్డాయి.

ఆ రోజుల్లో మా యార్డు చూస్తే మనసు చివుక్కుమనేది. బండ్లన్నీ వరసగా నిలబెట్టి, అద్దాల మీద సుద్దముక్కతో నంబర్లు వేసేవాళ్లు. నెలల తరబడి కదలక బ్యాటరీలు చచ్చిపోయి ఉండేవి, తలుపు తీస్తే లోపల మగ్గిన వాసన. డిక్కీలో పిల్లల గొడుగు, గ్లవ్ బాక్సులో సర్వీస్ బిల్లులు. యజమానులు ప్రతి సర్వీసూ వేళకు చేయించి, ఆ బిల్లులు జాగ్రత్తగా దాచుకున్న బండ్లవి. వేలానికి పది మంది రావలసిన చోట ఇద్దరు ముగ్గురు డీలర్లే కనిపించేవాళ్లు. వాళ్లు కూడా పాట పెంచేవాళ్లు కాదు. తీసుకెళ్లినా అమ్ముడుపోతుందన్న నమ్మకం లేదు, స్టాక్ పెట్టుకోవడానికి బ్యాంకు నుంచి డబ్బు రాదు. కాబట్టి "సగం ధరకు దొరుకుతుంది" అన్న ఆశలో ఒక తిరకాసు ఉంది. ధర బాగా పడిపోయే రోజులూ, లోన్ దొరకని రోజులూ చాలావరకు ఒకటే. అప్పుడు లాభపడింది నగదు చేతిలో ఉన్న కొద్దిమంది మాత్రమే. మీరు లోన్ మీద కొనే ఆలోచనలో ఉంటే ముందు చూసుకోవలసింది ధర కాదు, ఆ రోజుకు మీకు అప్పు పుడుతుందా, మీ జీతం నిలుస్తుందా అన్నది.

అప్పట్లోనే ఇంకొకటి గమనించాను. అన్ని కార్లూ ఒకేలా పడలేదు. 2008 జులైలో ముడిచమురు పీపా ధర 147 డాలర్ల దాకా ఎగబాకింది. పెద్ద ఎస్‌యూవీలను ఎవరూ ముట్టుకోలేదు, చిన్న కార్లకు మాత్రం గిరాకీ పెరిగింది. డిసెంబరు నాటికి అదే చమురు 40 డాలర్ల లోపుకు దిగింది, ఆ తర్వాత పెద్ద బండ్లు మెల్లగా కోలుకున్నాయి. జులైలో భయపడి పెద్ద బండిని తెగనమ్మి చిన్నది కొన్నవాళ్లు రెండు వైపులా నష్టపోయారు. పెట్రోలు మంట కొన్ని నెలల్లో చల్లారవచ్చు, కారు మాత్రం ఏళ్ల తరబడి వాడుకుంటాం. ఆ రెండింటినీ ముడిపెట్టి హడావుడిగా అమ్మడం, కొనడం ఎవరికీ మంచిది కాదు.

ఇక పడిన ధర ఎంతకాలం పడి ఉంటుందన్నది చాలామంది ఆలోచించరు. అమెరికాలో 2007లో సుమారు 1.6 కోట్ల కొత్త కార్లు అమ్ముడైతే, 2009లో 1.04 కోట్లే అమ్ముడయ్యాయి. రెండు మూడేళ్ల తర్వాత సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లోకి రావలసిన మంచి బండ్లు ఇవే కదా. అసలు అమ్ముడే కాని కారు పాత కారుగా ఎక్కడి నుంచి వస్తుంది? దానికి తోడు కంపెనీలను ఆదుకోవడానికి ప్రభుత్వాలు పాత కార్లను తుక్కు చేయించాయి. 2009 జులై, ఆగస్టుల్లో అమెరికా ప్రభుత్వం, ఎక్కువ పెట్రోలు తాగే పాత బండి ఇచ్చి కొత్తది కొంటే 4,500 డాలర్ల దాకా ఇచ్చింది. అలా వచ్చిన దాదాపు 6.8 లక్షల బండ్ల ఇంజిన్లలో సోడియం సిలికేట్ పోసి, మళ్లీ ఎవరూ నడపకుండా బిగుసుకుపోయేలా చేశారు. జర్మనీలో తొమ్మిదేళ్లు దాటిన కారు తుక్కుకు ఇస్తే 2,500 యూరోలు. చవక బండ్లు కొనుక్కునే పేదవాడి చేతికి రావలసిన కార్లు అలా పోయాయి, నాకిప్పటికీ అది బాధగానే ఉంటుంది. 2008 చివర్లో కిందికి జారిన పాత కార్ల ధరలు 2009లోనే లేచాయి, 2011 నాటికి బాగా ఎక్కువయ్యాయి. అంటే చవకగా దొరికిన కాలం కొన్ని నెలలే. అది మొదలైందని పేపర్లో చదివి తెలుసుకునే సరికే సగం అయిపోతుంది.

2020లో జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. లాక్‌డౌన్ మొదలైనప్పుడు మా వ్యాపారంలో అందరం 2008 మళ్లీ వచ్చిందనుకున్నాం. నిజంగానే అమెరికాలో ఏప్రిల్ ఒక్క నెలలో టోకు వేలం ధరలు పది శాతానికి పైగా పడ్డాయి. అద్దె కార్ల కంపెనీ హెర్ట్జ్ మే నెలలో దివాలా పిటిషన్ వేసింది, దాని కార్లన్నీ మార్కెట్ మీద పడితే ఇంకేముందని టెన్షన్ పడినవాళ్లు చాలామంది. కానీ వేసవి తిరగక ముందే ధరలు కోలుకుని పాత రికార్డులు దాటాయి. జనం బస్సులెక్కడానికి భయపడ్డారు. వడ్డీ రేట్లు తగ్గాయి, చాలా దేశాల్లో ప్రభుత్వాలు చేతికి డబ్బు ఇచ్చాయి, కిస్తీలకు గడువు పెంచారు కాబట్టి సీజ్ బండ్లు రాలేదు. ఇంతలో చిప్‌ల కొరత. కార్ల కంపెనీలు భయపడి చిప్ ఆర్డర్లు తగ్గించుకుంటే, ఆ చిప్‌లు కంప్యూటర్లకూ ఫోన్లకూ వెళ్లిపోయాయి. మళ్లీ కావాలనుకునేసరికి వరసలో వెనకబడ్డారు. కొత్త కారుకు నెలల తరబడి ఎదురుచూడాల్సి రావడంతో అందరూ పాత కార్ల మీద పడ్డారు. 2021 జూన్ నాటికి అమెరికాలో పాత కార్ల ధరలు అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 45 శాతం పెరిగాయి. అంతకు ముందు ఏడాది కార్లు తెగనమ్మిన అద్దె కంపెనీలే వేలాలకు వచ్చి పాత కార్లు కొనుక్కున్నాయి. 2020 ఏప్రిల్‌లో కొననివాళ్లు "ఇంకా తగ్గుతుందిలే" అని ఆగారు, వాళ్లలో చాలామంది తర్వాత ఎంతో ఎక్కువ పెట్టి కొన్నారు. వాళ్లను తప్పుపట్టలేను, ఆ రోజు ఎవరికీ తెలియదు.

మూడో రకం కరెన్సీ పడిపోయే సంక్షోభం. కార్లనూ విడిభాగాలనూ దిగుమతి చేసుకునే దేశాలకు ఇది మరీ గట్టి దెబ్బ. శ్రీలంక 2020 మార్చిలో డాలర్లు ఆదా చేయడానికి వాహనాల దిగుమతి ఆపేసింది, ఏళ్ల తరబడి ఆంక్షలు ఎత్తలేదు. ఉన్న కార్లే తిరగాలి కాబట్టి, కొన్నప్పటి కన్నా ఎక్కువ ధరకు పాత కారు అమ్మినవాళ్లు అక్కడ చాలామంది. టర్కీలో లీరా విలువ కరుగుతుంటే జనం డబ్బు దాచుకోవడానికి కార్లు కొన్నారు. కొత్తది కొని వెంటనే పాతదానిగా ఎక్కువకు అమ్మే వ్యాపారం ఎంత ముదిరిందంటే, రిజిస్ట్రేషన్ అయిన ఆరు నెలలు, 6,000 కిలోమీటర్లు దాటకుండా వ్యాపారులు అలాంటి బండ్లు అమ్మకూడదని ప్రభుత్వం 2022లో నిబంధన పెట్టింది. దేశమంతా కష్టాల్లో ఉన్నప్పుడు కార్లు చవకగా ఉంటాయన్న లెక్క ఇలాంటి చోట పూర్తిగా తప్పుతుంది. జీతం విలువ సగమై, కారు ధర రెట్టింపవుతుంది.

మీరు గమనించవలసిన గుర్తులు కొన్ని ఉన్నాయి. లోన్ ఇచ్చేవాళ్లు డౌన్‌పేమెంట్ పెంచి, పాత కార్లకు గడువు తగ్గిస్తున్నారా? షోరూముల్లో కొత్త కార్ల మీద పెద్ద డిస్కౌంట్లు కనిపిస్తున్నాయా? ఈ రెండూ ఉంటే పాత కార్ల ధరలు దిగే అవకాశం ఎక్కువ, ఎందుకంటే కొత్తదాని ధర తగ్గితే రెండు మూడేళ్ల పాతది దాని కన్నా కిందికి దిగాల్సిందే. అలా కాకుండా కొత్త కారుకు వెయిటింగ్ పెరుగుతూ, దిగుమతి సుంకాలో ఆంక్షలో వస్తూ ఉంటే ఆగడం వల్ల లాభం లేదు. ఇంకో మాట. ప్రకటనల్లో రాసిన ధరలు చూసి మార్కెట్ అంచనా వేయకండి. ధరలు పడుతున్నప్పుడు డీలర్ తను కొన్న ధర కన్నా తగ్గడానికి ఇష్టపడడు, రాసిన ధర నెలల పాటు అలాగే ఉంచి లోలోపల బేరానికి ఒప్పుకుంటాడు. అదే బండి ప్రకటన ఎన్ని వారాలుగా అక్కడే ఉందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

సంక్షోభ కాలంలో అమ్మకానికి వచ్చే బండ్లను మామూలు రోజుల కన్నా జాగ్రత్తగా చూడాలి. చేతిలో డబ్బాడని మనిషి ముందు ఆపేసేది బండి సర్వీసే. సర్వీస్ రికార్డులో చివరి ఏడాది ఖాళీగా ఉంటే ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ బయటికి తీసి, తెల్ల గుడ్డకు తుడిచి చూడండి. నల్లగా, జిగటగా, మడ్డిలా ఉంటే దూరం పెట్టండి. నెలల తరబడి కదలకుండా ఉన్న బండి అయితే టైరు నేలకు ఆనిన చోట చదునుగా ఉండిపోతుంది, నడిపినప్పుడు స్టీరింగ్‌లో సన్నటి వణుకు తెలుస్తుంది. కొంతదూరం నడిపాక పోతే పర్వాలేదు, పోకపోతే టైర్ల ఖర్చు బేరంలో తీసేయాలి. బానెట్ ఎత్తి వైర్ల మీద ఎలుక పళ్ల గాట్లు ఉన్నాయేమో టార్చి వేసి వెతకండి. పైకి అన్నీ పనిచేస్తున్నట్టే ఉంటుంది, వర్షాకాలంలో ఒక్కొక్కటిగా మొరాయిస్తాయి. బ్రేక్ డిస్కుల మీద పైపై తుప్పు మామూలే, నాలుగు బ్రేకులేస్తే పోతుంది. వేలితో తడిమితే గుంటలు తగిలితే మాత్రం మార్చాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ బండి మీద పాత లోన్ ఇంకా ఉందేమో చూడండి. ఇలాంటి రోజుల్లో కారు విలువ కన్నా దాని మీద అప్పు ఎక్కువైన వాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లు మోసగాళ్లేమీ కాదు, ఇరుక్కుపోయినవాళ్లు. అయినా మీరిచ్చిన డబ్బుతో అప్పు తీరకపోతే బండి మీ పేరు మీదికి రాదు, సీజ్ చేసేవాళ్లు మీ ఇంటికే వస్తారు. డబ్బు అమ్మేవాళ్ల చేతికి ఇవ్వకుండా, ఇద్దరూ కలిసి లోన్ ఇచ్చిన చోటికి వెళ్లి, అక్కడే అప్పు కట్టి, బాకీ లేదని రాతపూర్వకంగా తీసుకుని, మిగిలింది ఉంటే అమ్మినవాళ్లకు ఇవ్వండి. అరపూట పని. ఎదుటివాళ్లు నిజాయతీపరులైతే దీనికి అభ్యంతరం చెప్పరు, పైగా వాళ్లకూ తల మీద బరువు దిగుతుంది.

మీకు ఇప్పటికే ఒక కారుండి, అది అమ్మి ఇంకొకటి కొనాలనుకుంటే ధరలు పడినా పెరిగినా పెద్ద తేడా రాదు, రెండూ ఒకే మార్కెట్‌లో ఉన్నాయి. ఇంట్లో రెండు కార్లుండి ఒకటి పెద్దగా తీయకుండా పడి ఉంటే, కిస్తీ కట్టడం కష్టమవుతుందన్న అనుమానం రాగానే దాన్ని అమ్మేయండి. మీ అంతట మీరు అమ్ముకుంటే వచ్చే ధరకూ, సీజ్ అయ్యి వేలంలో పోయే ధరకూ చాలా తేడా ఉంటుంది, ఆ తేడా కూడా మీ బాకీ కిందే మిగులుతుంది. ఈఎంఐ ఒకటి రెండు తప్పేదాకా చూడకుండా, తప్పక ముందే లోన్ ఇచ్చినవాళ్లతో మాట్లాడండి. గడువు పెంచమని అడిగితే ఆ దశలో చాలాసార్లు ఒప్పుకుంటారు. యార్డు దాకా వచ్చిన బండ్లలో అలా ముందే మాట్లాడి ఉంటే ఆగేవి ఎన్నో ఉండేవి.